ప్రహోక్ లేని కూర

ఆ పూట ఫల్కున్ నోరు మూసుకుని ఉంటే ఏ గొడవా వచ్చేది కాదు. క్రాకోర్ దాటాక ఎంగ్ గారి హోటలు ముందు వ్యాను ఆపి, వెనక్కి తిరిగి, తెల్లజాకెట్ల ముసలమ్మలందరికీ వినబడేలా, "అవ్వా, ఇక్కడ దిగండి. నాకు వండిపెట్టే పిన్ని చేతి కూర తినండి. చేప లేదు, మాంసం లేదు, గుడ్డయినా తగలదు. నాదీ పూచీ" అన్నాడు. పూచీ అన్నమాట అతనికి ఊతపదం. అరిగిపోయిన టైర్లకి కూడా అదే పూచీ పడేవాడు.

ముసలమ్మలు బాత్తంబాంగ్ వాళ్ళు. పెద్దల పండగ ముందు ఉడుంగ్ కొండ మీద గుడిలో నాలుగు రోజులు శీలం పట్టి నియమంగా ఉండటానికి పోతున్నారు. వాళ్ళకి పెద్దదిక్కు సీమ్ అవ్వ. కత్తెరతో కురచగా కత్తిరించుకున్న జుట్టు, ఒళ్ళో తమలపాకుల బుట్ట, ఎవరు మాట్లాడినా కనుబొమలు పైకెత్తి వినే అలవాటు. ఈ ప్రయాణమంతా ప్రాణమున్న దేన్నీ నోట పెట్టమని వాళ్ళు ఒట్టు పెట్టుకున్నారు. అది చాలదన్నట్టు, శీలంలో ఉన్నవాళ్ళు మధ్యాహ్నం పన్నెండు దాటితే మెతుకు ముట్టకూడదు. పుర్సాత్ దగ్గర వాన కమ్మి ఆలస్యమైంది. ఎండ నడినెత్తికి రావడానికి ఎంతోసేపు లేదు.

ఫల్కున్ తిండి సంగతి ఆ దారిలో తిరిగే డ్రైవర్లందరికీ తెలుసు. భార్య కొలాప్‌కి కడుపు నిలిచిందని తెలిసిన వారం, బాకాన్ దగ్గర రోడ్డు పక్కనుండే తాత దేవుడి గుడి ముందు అగరొత్తులు వెలిగించి, బిడ్డ చేతికొచ్చేదాకా చేప, మాంసం, గుడ్డు ముట్టనని మొక్కుకున్నాడు. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఆ మాట అతను మొక్కులో కూడా పైకి అనలేదు, తాతకి తెలుసులే అని. వ్యాన్లు ఆపినందుకు డ్రైవర్లకి హోటలువాళ్ళు వంటింటి వెనక బల్ల మీద ఉచితంగా అన్నం పెడతారు. ఆ బల్ల దగ్గర అతనికి సన్నాసి అని పేరు పడిపోయింది. "గుళ్ళో సన్నాసులే చేపముక్క వదలరు, నీకేం పోయేకాలంరా సన్నాసీ" అని బుంథొన్ అనే పాత డ్రైవరు రోజూ పలకరించేవాడు. వంటమనిషి కుంథియా పిన్ని మాత్రం ఏమీ అనకుండా అతనికని విడిగా ఒక చిన్న గిన్నె పెట్టింది. పచ్చి బొప్పాయి, అరటికాయ, గుమ్మడి, వంకాయ, మునగాకు వేసి, నిమ్మగడ్డి ముద్ద నూరి, వేయించిన బియ్యప్పిండి చల్లి కకో కూర చేసేది. చేపముక్క బదులు పుట్టగొడుగు.

ఇప్పుడు ఆ గిన్నె కోసమే వచ్చింది తగువు. ఎంగ్ గారు వంటింట్లోకొచ్చి, ముసలమ్మలకి ఆ గిన్నెలోంచే వడ్డించమంది. ఎంగ్ గారు చెడ్డమనిషి కాదు, తొందరమనిషి. కుంథియా మూత మీద చెయ్యి వేసి అది చాలదమ్మా అంది. వేరే వండుతాను, కాసేపు కూర్చోమనండి అంది. కాసేపు కూర్చుంటే పన్నెండు దాటుతుంది, పండగ రోజుల్లో వచ్చే శీలం బళ్ళన్నీ పక్క హోటలుకి పోతాయి, నీకేం పోయింది అని ఎంగ్ గారు విసుక్కుని తనే గరిటె అందుకుంది. ఫల్కున్ బల్ల దగ్గరనుంచి చూస్తున్నాడు. పిన్ని చెయ్యి మూత మీద ఉండాల్సినదానికన్నా కాస్త ఎక్కువసేపు ఉంది. తర్వాత తీసేసింది.

సీమ్ అవ్వ ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. చెంచా పళ్ళెం పక్కన పెట్టి, చేతిరుమాలుతో పెదాలు తుడుచుకుని, "అమ్మాయ్, దీంట్లో ప్రహోక్ ఉంది" అంది.

మిగతా చెంచాలు కూడా ఒకదాని తర్వాత ఒకటి కిందికి దిగాయి. ఎంగ్ గారు పరుగున వచ్చి, లేదని ఒట్టు పెట్టి, తను కూడా నోట్లో వేసుకుని నీళ్ళు నమిలింది. ప్రహోక్ అంటే జాడీలో ఊరిన చేపల ముద్ద, దాని వాసన ఆ దేశంలో పుట్టిన ఏ నాలుకకీ ఒకరు చెప్పాల్సిన పని లేదు. వెనక బల్ల దగ్గర బుంథొన్ సర్దిచెప్పబోయాడు, ప్రహోక్ చేపేంటమ్మా, ముల్లుందా తోకుందా, అది మనకి ఉప్పు లాంటిదే కదా అని.

కుంథియాని పిలిచారు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. వేశావా అంటే వేశానంది. ఎందుకు వేశావంటే రుచికంది. ఎంగ్ గారు ముసలమ్మల ముందు పరువు పోయిన కోపంలో నోటికొచ్చినవన్నీ అనేసింది. వ్రతం పట్టినవాళ్ళ నోట్లో మట్టి కొట్టావు, నా హోటలు ముంచావు, ఇంక ఈ గడప తొక్కకు అంది.

అప్పుడు సీమ్ అవ్వ ఫల్కున్ వైపు తిరిగింది. "నువ్వూ మొక్కు పట్టి ఇదే తింటున్నావుటగా నాయనా, ఇన్నాళ్ళనుంచీ. నీకు తెలుసా?"

అతను నోరు తెరిచేలోపు కుంథియా అందుకుంది. "అతనికి తెలీదు."

"నిన్నడగలేదమ్మా. అతన్ని అడిగాను."

అందరూ అతన్నే చూస్తున్నారు. కొలాప్ పొట్ట కళ్ళముందు ఆడింది.

"తెలీదవ్వా" అన్నాడు ఫల్కున్.

అయ్యో పాపం అన్నారు ముసలమ్మలు. తెలియక తిన్నది నీ లెక్కలోకి రాదు నాయనా, తెలిసి పెట్టినవాళ్ళదే పాపం, నీ మొక్కుకి వచ్చిన లోటేం లేదు అని సీమ్ అవ్వ తేల్చి చెప్పింది. ఒకావిడ అతని వీపు నిమిరింది కూడా. కుంథియా అప్పటికే నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి, మడతపెట్టి, పొయ్యి గట్టు మీద పెట్టి, వెనకగుమ్మంలోంచి వెళ్ళిపోతోంది. వానకి చెప్పులు బురదలో దిగబడుతుంటే చేత్తో పట్టుకుని నడిచింది.

ముసలమ్మలు ఉత్త అన్నం, అరటిపళ్ళు తిని వ్యానెక్కారు.

దారి పొడుగునా ఫల్కున్‌కి అదే ధ్యాస. నిజంగానే నాకు తెలీదు కదా అనుకున్నాడు. తెలిస్తే తినేవాణ్ణా? తాత ముందు మొక్కుకున్నవాణ్ణి. అలా అనుకోగానే మనసు తేలికపడింది. కొంతదూరం పోయాక మళ్ళీ బరువెక్కింది. ఇంతకీ తెలీదన్న మాట తనన్నాడా, పిన్ని నోట్లోంచి వచ్చింది అందుకుని తిరిగి అప్పజెప్పాడా? వెనక సీట్లో ఆవిడ అరటాకులో చుట్టిన తీపి అన్నం ఒక పొట్లం ముందుకి అందించి తినమంది. వాళ్ళు జాలిపడేకొద్దీ అతనికి ఇబ్బందిగా ఉంది. ముసలమ్మల్ని కొండ దగ్గర దింపి, శీలం అయ్యాక తిరుగు ప్రయాణానికి మళ్ళీ నీ బండే ఎక్కుతామంటే సరేనన్నాడు.

మర్నాడు నొంపెన్ నుంచి తిరుగు ప్రయాణంలో ఎంగ్ గారి హోటలు ముందు కొత్త బోర్డు వేలాడుతోంది. శుద్ధమైన సన్నాసి వంట, చేప వాసన కూడా తగలదు అని ఎర్రరంగుతో రాయించింది. రంగు ఇంకా ఆరలేదు. వంటింట్లో ఎంగ్ గారి మేనకోడలు నిలబడి, గరిటె ఎటు తిప్పాలో తెలియనట్టు గిన్నెలోకి చూస్తోంది. ఎంగ్ గారు స్వయంగా పళ్ళెం తెచ్చిపెట్టింది. నీకు నా హోటల్లో అన్యాయం జరిగింది తమ్ముడూ, ఇంకెప్పుడూ జరగదు అంది. బుంథొన్ ఎదురుగా కూర్చుని వేయించిన చేప పీకుతూ, మనవాడి మూలాన మంచి వంటమనిషి పోయిందిరా దేవుడా, ఈ పిల్ల కూర కుక్క కూడా ముట్టదు అన్నాడు. అన్నందుకు తనే తల కొట్టుకుని, నిన్ను కాదులే సన్నాసీ, నువ్వు తిను అన్నాడు.

ఫల్కున్ తిన్నాడు. ముక్క ఉడికింది, ఉప్పు సరిపోయింది, నిమ్మగడ్డి కూడా బాగానే నూరింది పిల్ల. అయినా ఏదో లేదు. ఏం లేదు? ఏం లేదో అడిగీ అడగ్గానే నాలుక జవాబిచ్చింది. ప్రహోక్ లేదు. అతను ముద్ద మింగకుండా అలాగే కూర్చుండిపోయాడు. లేనిది లేదని ఇంత బాగా తెలిసినవాడికి, ఉన్నప్పుడు ఉందని తెలియలేదా? ఇన్నాళ్ళూ ఆ నాలుక ఎక్కడికి పోయింది? కాదు, అలవాటు పడ్డాను, పిన్ని చేతి మహిమ అనుకున్నాను అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. సగం పళ్ళెం వదిలేసి లేచాడు.

బాకాన్ దగ్గర తాత గుడి వస్తుంది. ఆ దారిలో పోయే ప్రతి బండీ అక్కడ హారను కొట్టాల్సిందే, పలకరింపుగా. మామూలుగా ఫల్కున్ మూడు పొడుగు హారన్లు కొట్టి, లోపల బిడ్డ సంగతి గుర్తు చేసేవాడు. ఆ రోజు చెయ్యి హారను దాకా పోయి ఆగింది. కొట్టకపోతే తాతకి కోపం. కొడితే ఏమని పలకరించాలి? ఒక పొట్టి హారను ఎలాగో మోగించి దాటించేశాడు. పక్కసీట్లో కూర్చున్నాయన వింతగా చూశాడు.

ఇంటికెళ్ళేసరికి కొలాప్ చాప మీద కాళ్ళు చాపుకుని స్కూలు చొక్కాలకి బొత్తాలు కుడుతోంది. ఎక్కువ నడవొద్దని డాక్టరమ్మ చెప్పినప్పటినుంచీ ఆమె ప్రపంచమంతా ఆ చాపే. వార్త అతనికన్నా ముందే చేరింది. శీలం పట్టడానికి పోయినవాళ్ళలో పక్కింటివాళ్ళ అమ్మ ఉందిట. ఫోనులో అంతా చెప్పిందిట. కొలాప్ సూది జాకెట్టుకి గుచ్చుకుని అతన్ని ఎగాదిగా చూసింది.

"నీకు తెలీదుగా?"

"తెలీదు."

ఆమె ఊపిరి వదిలింది. ఆ వంటమనిషిని నాలుగు తిట్టింది. తిడుతూనే అతని చెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది. లోపల బిడ్డ తన్నింది. రెండోసారి చెప్పేసరికి ఆ మాటకి కొంచెం బలం వచ్చినట్టుంది. ఇంకో రెండుసార్లు చెబితే నిజమైపోతుందేమో అనిపించి ఫల్కున్‌కి భయమేసింది.

మర్నాడు దక్షిణానికి పోతూ, దిగేవాళ్ళుంటే క్రాకోర్ బజారులో ఆపాడు. ఎండుచేపల కొట్లు దాటాక ఒక మూల కుంథియా పిన్ని కనిపించింది. చెల్లెలి కొట్టు ముందు పీట మీద కూర్చుని నిమ్మగడ్డి, పసుపు, వెల్లుల్లి రోట్లో దంచుతోంది. చెయ్యి మోచేతిదాకా పచ్చగా ఉంది. వ్యానులో వాళ్ళకి టీ తాగిరండని చెప్పి దిగాడు. ఏం అడగాలో తెలీదు. క్షమించమనాలా, నిలదీయాలా? నిలదీయడమే తేలికనిపించింది.

"ఎందుకు చేశావు పిన్నీ అలాగ? మొక్కు అని తెలుసు కదా నీకు."

ఆమె రోకలి ఆపలేదు. "నువ్వడిగావు కాబట్టి చేశాను."

"నేనెప్పుడడిగాను?"

"మొదట్లో, వాన మొదలైన రోజుల్లో. రెండు ముద్దలు తిని, పిన్నీ ఇంటివాసన రావట్లేదు అన్నావు. ఇంటివాసనంటే ఏంటి నాయనా, మల్లెపూలా? మర్నాడు రవంత ప్రహోక్ వేణ్ణీళ్ళలో కలిపి, ముల్లూ పొలుసూ లేకుండా వడగట్టి పోశాను. పోసి నీ మొహం చూశాను. నువ్వు తిన్నావు. తిని నా మొహం చూశావు. చూసి, పళ్ళెం మళ్ళీ చాపావు. ఇంకెలా అడుగుతారు మనుషులు?"

ఫల్కున్‌కి పళ్ళెం చాపడం గుర్తుంది. ఇవాళ నీ చెయ్యి బాగా పడింది పిన్నీ అన్నదీ గుర్తుంది. ఆమె మొహం చూడటం మాత్రం ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. చూశాడేమో. ఆమె చెబుతుంటే చూసినట్టే ఉంది.

"మరి ఆ రోజు అందరి ముందూ ఈ మాట ఎందుకనలేదు? అంటే నీ పని పోయేది కాదుగా."

రోకలి ఆగింది. "నీ పెళ్ళాం ఇప్పుడు ఏ నెల్లో ఉంది?"

"ఎనిమిది."

"మరి? నేను ఆ మాటంటే నా పని నిలిచేది, నీ మొక్కు పోయేది. నా పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు. నా మీద పడేదేదో పడనీ, నువ్వు తెలియనివాడిలాగే ఉండు" అంది. ఎంగ్ గారి తొందర వల్ల ముసలమ్మల పళ్ళేల్లోకి పోయిందే తన బాధంతా అని, మూత మీదనుంచి చెయ్యి తియ్యకుండా ఉండాల్సిందని కూడా అంది. తర్వాత మళ్ళీ దంచడం మొదలుపెట్టింది. కొత్త చోట కూలి ఎంతిస్తారని అతను అడగబోయి, ఆమె భుజాలు చూసి మానేశాడు. పొయ్యి దగ్గర రాజ్యమేలిన మనిషి ఇక్కడ చెల్లెలి చేతి కింద దంచుతోంది. కొట్లోంచి చెల్లెలు ఇంకా మెత్తగా అని కేకేసింది.

వ్యాను నడుపుతుంటే అతనికి పిన్ని మీద కోపం వచ్చింది. ఆమె ఏమీ చెప్పకుండా ఉంటే తెలియనివాడుగానే ఉండేవాడు. తెలియనివాడిలా ఉండమని చెప్పి మరీ తెలియజేసింది. ఇది మేలా, కీడా? ఆమె పాపం మోస్తానంటే మొయ్యనివ్వడం బిడ్డకి మంచిదా? ఒకడి అబద్ధం మీద ఇంకొకరు పస్తుంటే తాత దానికి మార్కులేస్తాడా? నొంపెన్ చేరేదాకా ఆలోచించినా ఒక దారికి రాలేదు. నిజం చెబితే మొక్కు పోతుంది. చెప్పకపోతే మొక్కు ఉంటుంది, కానీ ఆ ఉన్నది ఏమిటో అతనికి అర్థం కాలేదు.

ముసలమ్మలు అనుకున్న రోజుకి కొండ కింద సిద్ధంగా ఉన్నారు. ఎండకి కమిలినా మొహాలు కళకళలాడుతున్నాయి. సీమ్ అవ్వ ముందుసీట్లో కూర్చుని, ఇంట్లో అమ్మాయి ఎలా ఉంది, నీకోసం కూడా దీపం పెట్టానని చెప్పింది. ఫల్కున్ రోడ్డు వైపే చూస్తూ తలూపాడు. దీపం మాట విన్నాక అతనికి ఆ సీటు పక్కన కూర్చోవడం కష్టమైంది.

ఎంగ్ గారు వ్యాను చూడగానే గుమ్మంలోకి వచ్చేసింది. కొత్త బోర్డు చూపించింది, కొత్త గిన్నెలు చూపించింది. అందరూ కూర్చున్నారు. ఫల్కున్ వెనక బల్ల దగ్గరికి పోకుండా ముసలమ్మల బల్ల పక్కనే నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తాళాల గుత్తి తిప్పుతున్నాడు.

"అవ్వా, ఆ రోజు అబద్ధం చెప్పాను. నాకు తెలుసు. నేనే అడిగి వేయించుకున్నాను."

అతనికి తెలిసిన నిజం అంత శుభ్రంగా లేదు. కానీ ఉన్నదున్నట్టు చెప్పబోతే సగంలోనే తనని తాను కాపాడుకునేలా ఉన్నాడు. అందుకని గట్టి మాట అనేశాడు. వెనక బల్ల దగ్గర బుంథొన్ నమలడం మానేశాడు.

సీమ్ అవ్వ కనుబొమలు పైకి లేచాయి. "తెలిసి తిన్నావు సరే. తెలిసి మా చేత కూడా తినిపించావా?"

"గొప్పకి పోయానవ్వా. అప్పుడు అది గుర్తే లేదు."

"నీ కోసం వండింది మా పళ్ళేల్లోకి ఎవరు పోశారు మరి? ఆ వంటమనిషేనా?"

మేనకోడలు గరిటె పట్టుకుని అత్త వైపు చూసింది. ఎంగ్ గారు మెడలో గొలుసు సవరించుకుంది. "నేనే పోశానవ్వా" అంది చివరికి. "ఆవిడ చాలదంది, వేరే వండుతానంది. నేనే వినిపించుకోలేదు."

అయితే ఆవిడ పని ఎందుకు పోయినట్టు అని సీమ్ అవ్వ ఎవర్నీ చూడకుండా అడిగి, అన్నం కలుపుకోవడం మొదలుపెట్టింది. ఎంగ్ గారు పండగ రోజులు, చెయ్యి సాయం కావాలి, ఎలాగూ కబురు పెట్టేదాన్నే అని గొణిగింది. లేచేముందు అవ్వ ఫల్కున్‌ని మరి నీ మొక్కు సంగతేమిటని అడిగింది.

"తెలీదవ్వా" అన్నాడు. ఈసారి ఆ మాట నిజంగానే అన్నాడు. అవ్వ కూడా ఏమీ తేల్చి చెప్పలేదు.

ఆ సాయంత్రం కొలాప్‌కి చెప్పాడు. పక్కింటి ఫోను మోగకముందే చెప్పాలని చెప్పులు విప్పకుండానే చెప్పేశాడు. ఆమె బొత్తం కుట్టడం పూర్తిచేసి, దారం పంటితో కొరికి, చొక్కా మడతపెట్టింది.

"నాకెందుకు చెప్పావు?"

"రేపటికి ఎలాగూ తెలుస్తుంది కదా."

"తెలిసినప్పుడు తెలిసేది. ఇవాళ నిద్రన్నా పోయేదాన్ని."

గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం తినమంటే తినలేదు. ఫల్కున్ ఆమె పాదాల దగ్గర కూర్చున్నాడు. తప్పు చేశాడు, తప్పు ఒప్పుకున్నాడు, రెండోదే పెద్ద తప్పయినట్టుంది. పొద్దున్న బయల్దేరుతుంటే కొలాప్ లేచి కూర్చుని, ఇంకా నెలపైన ఉంది, ఇవాళ్టినుంచైనా సరిగ్గా ఉండు అంది. రోజూ బయల్దేరేముందు అతని చెయ్యి పొట్ట మీద పెట్టుకునే మనిషి ఆ రోజు పెట్టుకోలేదు.

హోటలు వంటింట్లో కుంథియా పిన్ని ఉంది. అతన్ని చూడగానే మొహం గంటు పెట్టుకుంది. నోరు మూసుకుని ఉండమన్నాను కదా, మొయ్యడానికి నేనుండగా నిన్నెవడు ఎత్తుకోమన్నాడు, వీరుడివని పతకమిస్తారనుకున్నావా అని వాయించేసింది. అతను తల వంచుకుని విన్నాడు. తిట్టడం అయ్యాక పొయ్యి పక్కన పీట వేసి కూర్చోమంది.

"కళ్ళు తెరుచుకుని చూడు. రేపు మళ్ళీ నాకేం తెలుసంటే కుదరదు."

అతను చూశాడు. ప్రహోక్ జాడీ ఇక్కడ లేదు, ఎంగ్ గారు పొద్దున్నే దాన్ని అవతల షెడ్డులోకి పంపించేసింది. గిన్నె కొత్తది. పిన్ని ముందు ఉత్త రోలు కడిగి, నిమ్మగడ్డి సన్నగా తరిగి నూరింది. బియ్యం మూకుట్లో వేయించి, రంగు మారాక దించి దంచింది. బొప్పాయి, అరటికాయ, గుమ్మడి ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి గిన్నెలో పడ్డాయి. ఉప్పు, సోయానీళ్ళు, చివర్న తాటిబెల్లం చిన్నముక్క. మునగాకు దూసి వేసి మూత పెట్టింది. ఒక్కసారి కూడా అతను కళ్ళు పక్కకి తిప్పలేదు. అన్నంలో వడ్డించి చేతికిచ్చింది.

మొదటి ముద్దలోనే ప్రహోక్ తగిలింది.

అతను చెంచా కింద పెట్టాడు. "పిన్నీ, ఉంది."

"ఏముంది?"

"అదే."

ఆమె కూర రుచి చూసి లేదంది. ఎంగ్ గార్ని పిలిస్తే ఆవిడా తిని లేదంది. బుంథొన్ వచ్చి రెండు చెంచాలు లాగించి, ప్రహోక్ సంగతి దేవుడెరుగు, దీంట్లో ఉప్పే తక్కువైందిరా అన్నాడు. ఫల్కున్ రెండో ముద్ద పెట్టుకున్నాడు. ఉంది. వడగట్టి పోసినట్టు, అడుగున, సన్నగా, ఖాయంగా ఉంది. కళ్ళు లేదంటున్నాయి, నాలుక ఉందంటోంది.

అప్పుడు అతనికి మెల్లగా తోచింది. లేనిది ఇంత ఖాయంగా ఉన్నట్టు తగిలే నాలుక, ఉన్నదాన్ని లేదనుకుని ఉండొచ్చు కదా. అలాంటి నాలుక పెట్టుకుని తనకి తెలుసని ఎలా అన్నాడు? తెలీదేమో. నిజంగానే తెలీదేమో. ఈ ఒక్క ముక్క కొలాప్‌కి చెబితే చాలు, గోడ వైపునుంచి ఇటు తిరుగుతుంది.

ఫోను మోగింది. కొలాపే.

"తిన్నావా?"

"తింటున్నాను."

"అది లేదుగా?"

ఫల్కున్ పళ్ళెంలోకి చూశాడు. "నా నోటిని అడక్కు. పిన్ని ఉంది, తననే అడుగు" అని ఫోను కుంథియా చేతికిచ్చాడు.

ఆమె పచ్చటి చెయ్యి గుడ్డకి తుడుచుకుని ఫోను చెవికి పెట్టుకుంది. లేదమ్మా, ఎదురుగా కూర్చోబెట్టి వండాను అంది. తర్వాత చాలాసేపు విన్నది. వింటూ ఫల్కున్ వైపు చూసింది. ఫోను మీద చెయ్యి అడ్డుపెట్టి మెల్లగా అంది.

"నీకు నిజంగా తెలుసా అని అడుగుతోంది. ఏమని చెప్పను? తెలీదంటాను, నా మాట నమ్ముతుంది."

అతని నోటి నిండా ఆ రుచే ఉంది. తెలీదనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. ఫల్కున్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"తెలుసమ్మా" అంది కుంథియా ఫోనులో. "మొదటి రోజునుంచీ తెలుసు."

అవతల ఏమన్నదో వినబడలేదు. పిన్ని ఫోను తిరిగిచ్చింది. అతను చెవికి పెట్టుకునేసరికి కొలాప్ ఇంకా లైనులోనే ఉంది. ఊపిరి వినబడుతోంది.

"తిను" అంది చివరికి. "చల్లారిపోతుంది."